కొల్లేటి నలుపు

మా చేపల చెరువు గట్టు మీద సినిమా షూటింగ్. ముంబై నుంచి వచ్చిన హీరోయిన్ కొల్లేటి పిల్ల వేషం వేస్తోంది. పాలమీగడలాంటి ఆ పిల్ల మొహానికీ చేతులకీ బొగ్గులాంటి రంగు పూసి నిలబెట్టారు. మేమిక్కడ మేతని సంచుల్లో నింపి, నీళ్లలో పాతిన గెడలకి కడతాం. ఆవిడేమో పెళ్లిలో అక్షింతలు వేసినట్టు చల్లుతోంది.

నాకు ఒళ్లు మండిపోయింది. మా గంగారత్నం అత్త చెయ్యి పట్టుకుని లాగుతున్నా ఆగకుండా డైరెక్టరమ్మ ముందుకెళ్లి నిలబడ్డాను.

"మీరూ ఆడవారే కదండీ! నలుపే అందమని సినిమా తీస్తూ, ఒక్క నల్లపిల్లని పెట్టుకోరేంటండీ? ఇక్కడ మేం లేమా? మాకు పుట్టుకతోనే ఉందండీ ఈ రంగు!"

గట్టు మీది ఆడవాళ్లంతా ఈలలు వేశారు. డైరెక్టరమ్మ లేచి వచ్చి నన్ను కావలించుకున్నారు.

"నిజమేనమ్మా, తప్పు నాదే. హీరోయిన్ చెల్లెలి వేషం నువ్వే వెయ్యి. ఏ రంగూ పూయం. ఉన్నదున్నట్టే!"

అత్త కళ్లొత్తుకుంది. నేను మహారాణిలా వెళ్లి మేకప్ కుర్చీలో కూర్చున్నాను. మేకప్ ఆయన దూదితో మొహం తుడిచి, "అయిపోయిందండీ, లేవండి" అన్నాడు.

లేవలేదు. అద్దంలో చూసుకుని, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాను.

"ఏవండీ, కాస్త తెల్లగా కనపడేలా ఏమన్నా వేస్తారా? ఏలూరులో మా క్లాసంతా చూస్తారండీ ఈ సినిమా."

ఆయన నవ్వలేదు. పెట్టె అడుగు నుంచి గులాబీరంగు ఫెయిర్‌నెస్ క్రీము డబ్బా తీసి, వేలితో గీకాడు.

"అడుగంటిందండీ. డైరెక్టరమ్మ గారు రోజూ ఇదే రాసుకుంటారు."