వెన్నా, ఇఫ్ఫా?

తొంభై ఆరు తుపానులో, చేపల వేటకెళ్లిన భర్త పడవ తిరిగి రాలేదు. ఏడాది దాటినా మహలక్ష్మి బొట్టు తీయలేదు. ఆయన లేడన్న మాట ఎవరినీ అననివ్వలేదు. అంగన్‌వాడీ ఉద్యోగం కోసం పదో తరగతి ప్రైవేటుగా కట్టి, అమలాపురంలో శేషకుమారి టీచరు దగ్గర ఇంగ్లీషు నేర్చుకుంటోంది.

ఆరోజు టీచరు రెండు వాక్యాలను కలపడం చెబుతున్నారు.

"తప్పకుండా జరిగేదానికి వెన్ వాడాలి. జరుగుతుందో లేదో తెలియకపోతే ఇఫ్. ఏదీ, ‘ఆయన వస్తే అన్నం వడ్డిస్తాను’, ఇది చెప్పమ్మా."

పుస్తకంలో ఉన్నది చదివేశాక టీచరు నాలుక కరుచుకున్నారు.

మహలక్ష్మి వెన్ అని రాసి కొట్టేసింది, ఇఫ్ అని రాసి అదీ కొట్టేసింది.

"రెండూ కుదర్టం లేదండి. రారని తెలిసి కూడా ఎదురుచూస్తుంటే ఏం వాడాలండీ?"



"ఆల్దో అనాలమ్మా. అయినా సరే అని."

"ఆల్దో హి విల్ నాట్ కమ్, ఐ వెయిట్," కూడబలుక్కుంటూ రాసి చదివింది. "తప్పులున్నాయాండీ?"

"లేవమ్మా."

"ఈ మాట తెలుగులో ఒక్కసారి కూడా అనలేకపోయేనండీ," అంటూ మహలక్ష్మి టీచరు ఒళ్లో తల పెట్టేసింది.

తుపాను తర్వాత ఆమె ఏడవడం అదే మొదలు.