బూట్ల దగ్గర దణ్ణం

"అదిగోనండీ, మళ్లీ వచ్చేడు భక్తుడు!" అన్నాడు రొయ్యల రైతు శ్రీనివాసరావు, టీ గ్లాసు బల్ల మీద పెడుతూ.

టీ కొట్టు లక్ష్మీదుర్గ తల తిప్పి చూసింది.

ఓడలరేవు వైపు నుంచి వచ్చిన చేపల ముసలాయన మోపెడ్‌కి స్టాండు వేశాడు. బోరింగు దగ్గర చేతులు రుద్ది రుద్ది కడుక్కున్నాడు. రోడ్డు పక్కనున్న ఫ్లెక్సీ ముందుకెళ్లి, భుజం మీది తువ్వాలుతో అమెరికా అధ్యక్షుడి బూట్ల దగ్గర మెల్లగా తుడిచాడు. అక్కడే చేత్తో తాకి, ఆ చెయ్యి కళ్లకద్దుకున్నాడు.

రోజూ ఇదే తంతు.

ఆ ఫ్లెక్సీ కట్టింది రొయ్యల ప్లాంటు కుర్రాళ్లు. మన రొయ్యలు తినేది ఆ దేశమే కదా, ఆయన గెలిస్తే మన పంట పండినట్టేనని వాళ్ల ఆశ. ఆయన అక్కడ గెలిస్తే వీళ్లు ఇక్కడ కేకు కోశారు. నిలువెత్తు బొమ్మ వేయించి, ఆయన బూట్ల పక్కన వరసగా తమ ఫొటోలు కూడా పెట్టించుకున్నారు. ఫ్లెక్సీలో అడుగు వరసని చూసేదెవరు?

గెలిచినాయన మన రొయ్యల మీదే సుంకం వేశాడు. అక్కడ కొనేవాళ్లు వెనక్కి తగ్గారు. ఇక్కడ చెరువులు ఎండాయి, ప్లాంటుకి తాళం పడింది.

ఆ ప్లాంటులో లోడింగ్ పని చేసే విజయకుమార్ కువైట్ విమానం ఎక్కాడు. అతని భార్యే లక్ష్మీదుర్గ.

అతను లేని ఇల్లు ఆమెకి ఇంకా అలవాటు కాలేదు. సాయంత్రం ఏ బండి చప్పుడైనా చెవి అటే పోతుంది. అన్నం ఇప్పటికీ ఇద్దరికీ వండేస్తుంది. అలాంటి మనిషికి రోజంతా ఎదురుగా ఆ బొమ్మ, ఆ నవ్వు, పైకెత్తిన ఆ బొటనవేలు. చూసినప్పుడల్లా ఒళ్లు మండిపోయేది.

ఆవేళ ఇక ఉండబట్టలేకపోయింది.

"ఇదేం భక్తండీ మీకు? ఆయన మనకేం ఒరగబెట్టేడని దణ్ణాలు?"

ముసలాయన ఉలిక్కిపడ్డాడు.

"అబ్బే, దణ్ణం కాదమ్మా. దుమ్ము పడతంది కదండీ, తుడుస్తన్నానండి."

"ఊరంతా తిడతంటే మీరు బూట్లు తుడుస్తారా? మా ఆయన్ని దేశంగాని దేశం తోలేసింది ఆయనేనండి. ఇంట్లో మనిషి దూరమైతే ఎలాగుంటదో మీకేం తెలుస్తాదిలెండి!"

ముసలాయన తువ్వాలు దులిపి భుజం మీద వేసుకున్నాడు.

"ఆయ్. నిజమేనమ్మా," అని మోపెడ్ ఎక్కి వెళ్లిపోయాడు.

"బాగా పెట్టేవమ్మా గడ్డి!" అన్నాడు శ్రీనివాసరావు.

ఆ మధ్యాహ్నమే అతని చేత ఫ్లెక్సీ విప్పించింది. ఎండలు ముదురుతున్నాయి. కొట్టు ముందు పందిరికి కప్పుగా పనికొచ్చింది. బొమ్మ లోపలివైపు వచ్చేలా, సరిగ్గా పొయ్యి మీదికి కట్టించింది.

'పొగ తాగుతూ పడుండు' అనుకుంది కసిగా.

మర్నాడు ముసలాయన వచ్చాడు. చేతులు కడుక్కున్నాక గానీ గమనించలేదు. రోడ్డు పక్కన ఉత్త వెదురు కర్రలున్నాయి.

"ఇక్కడి బొమ్మేదమ్మా?"

"పీకేసేమండి."

"ఎక్కడ పడేసేరండీ?"

"ఎక్కడైతే మీకెందుకండీ? దణ్ణం పెట్టుకోడానికి అయినవిల్లి వినాయకుడు లేడా?"

తడి చేతులతో ఆయన ఆ కర్రల మధ్య కాసేపు నిలబడ్డాడు. ఒక్క టీ తాగి వెళ్లమని పిలిస్తే పందిరి కిందికి వచ్చేవాడే. ఆమె పిలవలేదు.

ఆ తర్వాత ఆయన మళ్లీ ఆ దారిన రాలేదు.

నెల తిరిగింది. ఓ సాయంత్రం కువైట్ నుంచి విజయకుమార్ వీడియో కాల్ చేశాడు.

"కొట్టు ఎలాగుందో చూపించవే."

ఫోను తిప్పింది. బల్ల, పొయ్యి, పందిరి.

"ఆగాగు. ఆ పైన మా కుర్రాళ్ల ఫ్లెక్సీ కదూ?"

"ఆఁ. మీ దొరగారికి పొగ పెడతన్నాను."

అతను పగలబడి నవ్వాడు. ఆ నవ్వు కోసమే ఆమె రోజంతా ఫోను పక్కన పెట్టుకు కూర్చుంటుంది.

"అడుగు వరస చూపించు దుర్గా. మసి పట్టేసింది, కొంచెం తుడు. మావాళ్లని చూసి ఎన్నాళ్లయిందో!"

స్టూలెక్కి, బూట్ల పక్కన కొంగుతో తుడిచింది. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతున్న ఓ కుర్రాడు బయటపడ్డాడు. మిగతా ముఖాల కంటే ఆ చెంపల మీదే రంగు ఎక్కువ వెలిసిపోయి ఉంది.

అవతల విజయకుమార్ నవ్వు ఆగిపోయింది.

"మా ఐసు వ్యాను తోలే గోపీకృష్ణ! నీకు చెప్పలేదు. బాధపడతావని ఊరుకున్నాను."

"ఏమైందండీ?"

"ప్లాంటు మూసేసేక సముద్రం మీదికి చేపల వేటకెళ్లేడు. పడవ తిరిగొచ్చింది, వాడు రాలేదు. శవం కూడా దొరకలేదంట. ఫోనూ వాడితోపాటే పోయింది. ఇంట్లో ఆధార్ కార్డు మీద బొమ్మ తప్ప ఇంకో ఫొటో మిగల్లేదంట."

"ఎవరబ్బాయండీ?"

"ఓడలరేవులో, మోపెడ్ మీద చేపలమ్ముతారే వెంకన్నగారు, ఆయన కొడుకు. ఒక్కడే కొడుకు."

లక్ష్మీదుర్గ చెయ్యి ఆ ముఖం మీదే ఉండిపోయింది.

దొరగారి బూట్లు తుడుస్తున్నాడని తాను తిట్టిపోసిన మనిషి, రోజూ పొద్దున్నే చేపల వాసన పోయేదాకా చేతులు కడుక్కుని, తిరిగిరాని కొడుకు ముఖం తుడుచుకుని వెళ్తున్న తండ్రి.