అక్క కోసం లినక్స్

“అక్కా, నీ విండోస్ పీకి అవతల పారేసిన,” అన్నాడు శశాంక్, కాల్లో ముల్లు తీసి చూపించినంత గర్వంగా.

నిర్మల చేతిలో టీ గ్లాసు అక్కడే ఆగిపోయింది. “జర స్పీడు చెయ్యమన్న గదరా తమ్మీ. పీకమని ఎవలన్నరు?”

ఆమె అడిగింది నిజంగా అంతే. హన్మకొండలో ఒక జూనియర్ కాలేజీలో తెలుగు లెక్చరర్ ఆమె. ల్యాప్‌టాప్‌కు ఆరేళ్లు నిండాయి. పొద్దున ఆన్ చేస్తే అది నిద్ర లేచేలోపు పప్పు ఉడికి తాలింపు కూడా అయిపోతుంది. చిన్నమ్మ కొడుకు శశాంక్ ఇంజనీరింగ్ కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో పనిచేస్తాడు కదా అని పిలిచింది. పిలవడమే పొరపాటు.

తొర్రూరు చుట్టుపక్కల పత్తి ఏరే ఆడవాళ్లు పాడుకునే పాటల మీద ఆమె నాలుగేళ్లుగా పీహెచ్‌డీ చేస్తోంది. ఫోన్లో రికార్డు చేసుకొచ్చిన పాటలే రెండు వందలు దాటాయి. ఇక ఆఖరి అధ్యాయం ఒక్కటే సరిచూసుకోవాలి. సోమవారం సాయంత్రం ఐదులోపు యూనివర్సిటీకి పంపాలి. గడువు ఇప్పటికే రెండుసార్లు పొడిగించారు. మూడోసారి అడగొద్దని గైడు ముందే చెప్పేశాడు.

“నీ ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌ల భద్రంగున్నయ్. ఫికర్ చెయ్యకు. ఇగ నీకు లినక్స్ ఎక్కిస్త. నీ జిందగీ మారుతది సూడు,” అన్నాడు శశాంక్.

లినక్స్ అంటే ఒకటి కాదు, వందల రకాలు. ఒక్కో రకాన్ని డిస్ట్రో అంటారు. దాని పైకి కనిపించే ముస్తాబును డెస్క్‌టాప్ అంటారు. అదీ బోలెడు రకాలు. మామూలు మనిషికి, రోజువారీ పనికి ఇందులో ఏది మంచిదన్న ప్రశ్నకు ఇప్పటిదాకా ఇద్దరు నిపుణులు ఒకే జవాబు చెప్పిన దాఖలా లేదు. శశాంక్ అయితే ఒక్కడే రోజుకో జవాబు చెప్పగలడు.

మంగళవారం ఉబుంటు అనే డిస్ట్రో ఎక్కించాడు. బుధవారం ల్యాబ్‌లో పక్కసీటు చైతన్య “ఉబుంటా? గది పోరగాళ్లకు” అని నవ్వాడు. సాయంత్రానికల్లా మింట్ వచ్చింది. గురువారం ఫెడోరా. శుక్రవారం డెబియన్.

“గుట్ట లెక్క ఉంటదక్కా. కదలదు, మెదలదు.”

ప్రతిసారీ నిర్మల ఒక్కటే అడిగింది. “సౌండ్ వస్తదా?”

మొదటి రెండింటిలో వచ్చేదే. కానీ చైతన్య సలహా మీద శశాంక్ ఫాల్తూ సరుకంతా ఏరి అవతల పడేశాడు. సౌండ్ కూడా దాంతోపాటే పోయింది.

“సౌండుదేముంది, చిన్న పని. ఆఖర్ల చూద్దాం. ముందుగాల లుక్ సెట్ కానీ.”

లుక్ దగ్గర అతను రాజీపడే మనిషి కాదు. మెనూ కిందుండాలా, పక్కనుండాలా అన్నది తేలడానికి ఒక పూట పట్టింది. ఐకాన్లు గుండ్రంగానా, పలకలుగానా? ఇంకో పూట. విండో మూస్తే అది పొగలా కరిగిపోవాలని శనివారం మధ్యాహ్నమంతా కష్టపడ్డాడు. వెయ్యిస్తంభాల గుడి ఫొటో తెర నిండా పరిచాడు. కళ్లకు శ్రమ ఉండకూడదని డార్క్ మోడ్ పెట్టాడు. ఇద్దరూ ఒకే ఇంట్లో పెరిగారు. అక్కకు ఏం కావాలో తనకంటే బాగా ఎవరికీ తెలియదని అతని నమ్మకం.

“సౌండ్ లేకుంటే నాకు పని నడవదురా!” నిర్మల గొంతు పెంచింది.

“పాటలేనాయె. ఫోన్ల ఇనరాదు?”

ఆమె ఇంకేదో చెప్పబోయింది. శశాంక్ అప్పటికే చైతన్యకు ఫోన్ కలిపాడు, డెస్క్‌టాప్ గ్నోమా, కేడీఈయా తేల్చుకోవడానికి. చర్చ నలభై నిమిషాలు సాగింది.

“మనకు నచ్చుడు కాదన్నా. వాడేటోళ్లు ఎవలు, వాళ్లకేం గావాలె, గది సూడాలె,” అని అతను ఫోన్లో గట్టిగా చెబుతుంటే వంటింట్లో గిన్నె ఒకటి కొంచెం గట్టిగానే చప్పుడైంది.

ఆదివారం డెబియన్ కూడా నచ్చలేదు. ఇటుక మీద ఇటుక మనమే పేర్చుకోవాల్సిన ఆర్చ్ మొదలుపెట్టాడు. సోమవారం ల్యాబ్‌కు సెలవు పెట్టి మరీ పేర్చాడు. మధ్యాహ్నం రెండింటికి ఇల్లు లేచి నిలబడింది.

“రా అక్కా, కూసో.” కుర్చీ లాగి, పక్కకు జరిగి నిలబడ్డాడు, పెళ్లికూతురిని చూపించే పేరయ్యలాగా.

నిర్మల కూర్చుంది. కీబోర్డు వైపు చూడకుండానే నిమిషానికి నలభై మాటలు కొట్టే మనిషి ఆమె. ఒక కీ నొక్కి ఆగింది. మరొకటి నొక్కి ఆగింది.

“సౌండ్ రాలేదు.”

“గదొక్కటే మిగిలింది. రేపు చేస్త. ముందు లుక్ ఎట్లుందో చెప్పు.”

“నువ్వే చెప్పు తమ్మీ, ఎట్లుందో.”

శశాంక్‌కు అంతకంటే ఏం కావాలి! పది నిమిషాలు చెప్పాడు. నీలం మీద బంగారు వన్నె ఎలా తేలిందో, గడియారం ఏ మూల ఎందుకు పెట్టాడో, అక్షరాలు ఎంత సన్నగా, ఎంత నాజూకుగా ఉన్నాయో. అక్క తలొంచుకుని వింటుంటే ముచ్చటపడిందనుకున్నాడు.

రెండున్నరయింది. నిర్మల పెన్‌డ్రైవ్ పీకి పర్సులో వేసుకుని లేచింది.

“యాడికి పోతానవక్కా? విండో కరిగిపోయేది ఇంక సూడనే లేదు!”

నిర్మల చెప్పులు తొడుక్కుని, తలుపు పక్కన తడిమి తన తెల్లకర్రను అందుకుని, తెర మీది రాతను పైకి చదివి వినిపించే కంప్యూటర్ కోసం, తను పదో తరగతి దాకా చదువుకున్న అంధుల పాఠశాలకు బయల్దేరింది.