మగ్గం మీద ఆమె చోటు

అయినా, తనింకా చావలేదు కదా.

విమలమ్మ గోడకానుకుని మగ్గం వైపే చూస్తోంది. వెడల్పాటి జంపఖానాకు ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేయాలి. కొత్తవాడకు కాపురానికొచ్చినప్పటి నుంచీ మొగుడు గట్టయ్య పక్కన ఆ చోటు తనదే.

ఇప్పుడక్కడ పూలమ్మ కూర్చుంది. మరిపెడ నుంచి పనికి పిలిపించానన్నాడు. అంతకు మించి చెప్పలేదు.

దవాఖానలో విమలమ్మ కుడి రొమ్ము తీసేశారు. చంకలోని గడ్డలు కూడా కోసి పరీక్షకు పంపారు. వాటిలోకీ క్యాన్సరు పాకిందని డాక్టరమ్మ గట్టయ్యతో అంటుంటే తలుపు చాటున విన్నది. హైదరాబాదు పోయి కరెంటు పెట్టించుకుందామని అతను బతిమాలాడు. ససేమిరా అంది. చచ్చేదానికి కరెంటెందుకు?

పూలమ్మ రవిక రెండు వైపులా సమంగా, నిండుగా ఉంది. ఎటు చూడబోయినా విమలమ్మ చూపు అక్కడికే పోతోంది.

నిన్న పూలమ్మ దగ్గరికొచ్చి, కోత తర్వాత వాచిన విమలమ్మ కుడిచేయి పట్టుకోబోయింది. విమలమ్మ విదిలించుకుంది.

ఈరోజు ఇక ఆగలేకపోయింది.

"నేను పోయేదాంక జర ఆగరాదు?"

పూలమ్మ నూలు కొట్టే పంజా ఆపింది. "ఏందది చెల్లె?"

"నిండుగున్నవ్. మా ఆయన పక్కకు మంచిగ సరిపోయినవ్. ఇగ పుస్తె ఒక్కటే తక్వ."

గట్టయ్య తలెత్తలేదు. విమలమ్మకు అదే జవాబు.

పూలమ్మ పంజా కింద పెట్టి లేచింది. "ఆమెనేమనకు తమ్మీ" అని, కొంగు సర్దుకుని వెళ్లిపోయింది.

పొద్దు వాలాక విమలమ్మే అడిగింది.

"ఎవలామె?"

"నా చిన్ననాటి సోపతిగాని అక్క."

"గా ముక్క ముందే చెప్పరాదు?"

గట్టయ్య తెగిన పోగును ముడివేస్తూ గొణిగాడు.

"ఎట్ల చెప్పుదు? పరాయి ఆడదాని రొమ్ము సంగతి నీకెట్ల ఎరుక అంటే ఏమందును? తనే చెప్తనన్నది. నువ్వు దగ్గరికి రానియ్యకపోతివి."

"రొమ్ము సంగతా?" అంది విమలమ్మ.

"ఆ రవికెల ఉన్నయి గుడ్డపేలికలు. మన పెద్దోడు పుట్టిన ఏడు కోసిండ్రట. ఆమెకు సుత చంకలకు పాకిందట. కరెంటు పెట్టించుకున్నది."

పెద్దోడు కిందటేడే పదో తరగతి పాసయ్యాడు.

పూలమ్మ ఎక్కిన మరిపెడ బస్సు ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది.

విమలమ్మ లేచి, దండెం మీది చీరొకటి ఒంటిచేత్తోనే మడతపెట్టి సంచిలో పెట్టింది. "హైదరాబాదు బస్సు ఎన్నిటికి?" అంది.