కాకికిచ్చిన మాట

ఏటా వేయించుకునే ఆయుష్షు సూది మానేసి, మంగాయమ్మ తన నూట తొంభయ్యో ఏట కన్నుమూసింది. ఆ వీధిలో చావన్నది జరిగి ఎనభై ఏళ్లయింది. పదోరోజు పిండం పెట్టే పద్ధతి ఆమె భర్త పేర్రాజుకే అంతో ఇంతో జ్ఞాపకం.

మేడ మీద విస్తరి పెట్టి పొద్దెక్కేదాకా కూర్చున్నారు. పిట్టగోడ మీద కాకి వాలింది కానీ మెతుకు ముట్టలేదు.

"మీ అమ్మకేదో కోరిక ఉండిపోయిందే. మాటిస్తేగానీ ముట్టదు," అన్నాడు పేర్రాజు.

కూతురు కనకం చేతులు జోడించింది. "నాన్నని నేను చూసుకుంటానమ్మా. ఏటా సూది తప్పకుండా వేయిస్తాను."

కాకి ముక్కు గోడకు రాసుకుని ఊరుకుంది.

ఆ కోరికేమిటో పేర్రాజుకు తెలుసు. నిరుడు సూది మానేసిన రోజున మంగాయమ్మ ఆయన చెయ్యి పట్టుకుని, "నూట డెబ్బై ఏళ్లు కాపరం చేశామండీ, చాలదూ? ఇద్దరం కలిసే పోదాం," అంది. ఆయన చెయ్యి విడిపించుకుని, వెళ్లి తన సూది వేయించుకొచ్చాడు.

కనకం మెట్లు దిగాక ఆయన గొంతు తగ్గించి, "ఈసారి వేయించుకోనే. నీ వెనకాలే వచ్చేస్తాను," అన్నాడు.

కాకి గబుక్కున దిగి, విస్తరంతా చిందరవందర చేస్తూ తింది.

మర్నాడు పొద్దున్నే సూది వేసే నర్సు వచ్చింది. పేర్రాజు భార్య ఫోటో వైపు చూడకుండా కూర్చుని, చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

"అదేంటి తాతగారూ, ఇంకా పొడవనే లేదు, అప్పుడే ఏడుస్తున్నారు?" అందామె.