కాలువ మీద కారు

"మట్టి రోడ్డు మీద టైర్లు కీచుమనవు, అమ్మాయ్," అన్నాడు వెండెల్.

"కీచుమనకపోతే జనం దాన్ని ఛేజింగ్ అనుకోరు," అంటూ డొలోరెస్ రబ్బరు వేడినీళ్ళ సంచిని గచ్చు మీద మళ్ళీ గట్టిగా రుద్దింది. బర్‌బాంక్ స్టూడియోలో సినిమాలకు చప్పుళ్ళు చేయడం ఆమె పని. తెర మీద హీరోకి బదులు అతని చొక్కా వేసుకుని కారు తోలుతున్నది వెండెల్. తన పనితనం చూసుకోవడానికి పనిగట్టుకుని వచ్చాడు.

కారు కాలువ మీదుగా గాల్లోకి లేచింది. ఆమె సంచి పక్కన పెట్టింది.

"ఇక్కడ ఇంజను గర్జించాలట, డైరెక్టరు గారి కోరిక. మీకు నిజంగా ఏం వినిపించింది?"

"గర్జనా, పాడా. గాల్లో ఉన్నంతసేపు పెడల్ మీంచి కాలు తీసేస్తాం. ఎవడో 'అమ్మా, అమ్మా' అని గొణుగుతున్నాడు. కార్లో ఇంకెవడున్నాడ్రా అని పక్కకి చూశాను. తీరా చూస్తే నేనే!" వెండెల్ పకపకా నవ్వాడు.

డొలోరెస్ నవ్వలేదు. మైకు అతని ముందుకు జరిపి, తెర మీది కారును మళ్ళీ కాలువ ఒడ్డుకు తెచ్చింది.

"ఇప్పుడు ఎగురుతుంది. అనండి."

వెండెల్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. కారు లేచింది.

"అమ్మా," అన్నాడు మెల్లగా. ఈసారి నవ్వు రాలేదు.

అద్దాల గదిలోంచి డైరెక్టరు తల బయటపెట్టాడు. "అదేంటి, మా హీరో అమ్మని పిలుస్తాడా?"

"మట్టి రోడ్డు మీద టైర్లు కీచుమంటే ఒప్పుకున్నారుగా," అంది డొలోరెస్. "ఇదొక్కటీ నిజంగా జరిగింది. ఉండనివ్వండి."