కడియం కొలత

“చెయ్యి చాపన్నా, దారం చుట్టి చూస్తాను,” అని సత్తార్ మళ్లీ అడిగాడు. సుబ్బరాయుడు చాపలేదు. రెండు చేతులూ తువ్వాలు కింద దాచుకుని, సూది వేయించుకోవడానికి వచ్చినవాడిలా బిగుసుకుని కూర్చున్నాడు. పక్కనున్న భార్య బాలనాగమ్మకు నీరసం ముంచుకొచ్చింది. పెద్దముడియంలో పొద్దున్నే బయలుదేరి, బస్సు మారి, ప్రొద్దుటూరు బజారులో ఈ వెండి అంగడి వెతుక్కుంటూ వచ్చింది ఈ కడియం కోసమే. కడియం కావాలని అడిగింది కూడా ఆయనే. తీరా వచ్చాక ఈ మొండితనమేమిటో ఆమెకు అర్థం కాలేదు.

అది సోకుకు పెట్టుకునే కడియం కాదు. దారి తప్పిపోయే పెద్దవాళ్ల చేతికి వేసేది. పై వరుసలో తొడుక్కునే మనిషి పేరు, కింద ఊరు, ఇంట్లోవాళ్ల ఫోను నంబరు చెక్కుతారు. ఏమేం చెక్కాలో కూతురు భువనేశ్వరి పులివెందుల నుంచి ముందే సత్తారుకు ఫోన్లో చెప్పింది. వెండి పట్టీ మీద చెక్కడం అయిపోయింది. కొలత చూసి వంచడమే మిగిలింది.

ఈయన ఇట్లా అవుతాడని ఎవరనుకున్నారు? ఎంత పెద్ద మందలోనైనా తన గొర్రెను అరుపును బట్టి పోల్చుకున్న మనిషి. ఇప్పుడు వంటింట్లో ప్రతి డబ్బా మీదా ఉప్పు, చక్కెర, చింతపండు అని సుద్దముక్కతో రాసిపెట్టుకున్నాడు. అన్నం తింటివా, మాత్ర మింగితివా అని పొద్దున అడిగిందే మళ్లీ అడుగుతాడు. మింగినానని చెప్పి చెప్పి ఆమెకు విసుగు కూడా చచ్చిపోయింది. దొడ్లోకి పోయినా వెనకే వస్తాడు. బస్సులో వచ్చినంతసేపూ ఆమె మణికట్టు పట్టుకున్న పట్టు వదల్లేదు.

“ఏంది మామా, కోడిపిల్ల మాదిరి నా ఎంటబడి తిరుగుతాండావు?” అని కసిరితే తల వంచుకుంటాడు. ఆ తల చూస్తే ఆమెకు తన మీద తనకే కోపం వస్తుంది.

పోయిన నెలలో జమ్మలమడుగు బస్టాండులో అయితే ఏకంగా కనపడకుండానే పోయాడు. నీళ్ల సీసా తెస్తానని వెళ్లిన మనిషి మళ్లీ కంటికి ఆనలేదు. ఆయన్ను వెతుకుతూ ఆమె ఎండలో సందులన్నీ తిరిగింది. పూలమ్మే ఆమె ఎవరో జాలిపడి నీడన కూర్చోబెట్టి టీ తాగించింది. పొద్దు వాలే వేళకు దొరికాడు. నలుగురూ చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా ఆమెను పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. రోగమొచ్చి సగం మంద పోయిన ఏడు కూడా కంటతడి పెట్టని మనిషి. ఇంకోసారి తప్పిపోతే దొరుకుతాడన్న ధైర్యం ఆమెకు లేదు. ఏది ఏమైనా ఈ కడియం ఈ రోజు ఆయన చేతికి పడాల్సిందే.

కొలత ఎట్లా ఉండాలని ఆమె అడిగితే సత్తార్ జవాబు సుబ్బరాయుడికి చెప్పాడు. అంగళ్లలో అందరూ ఇంతే, అడిగేది ఆడవాళ్లయినా చెప్పేది మగవాళ్లకే.

“వదులైతే జారిపోతాది, బిగువైతే చెయ్యి వాస్తాది. చిటికెనవేలు దూరేంత సందు ఇడిచి చేస్తాను. మర తిప్పితే తప్ప ఊడిరాదు.”

గొర్రెకు చెవి కోసి గుర్తు పెట్టినట్టు మొగుడి చేతికి గుర్తు వేయిస్తున్నానే అని బాలనాగమ్మకు మనసు చివుక్కుమంది. ఆయన సిగ్గుపడడంలో తప్పేముంది? అప్పుడే ఆమెకు మందను దాటించే కుందూ ఏరు గుర్తొచ్చింది. నీళ్లు చూసి మంద మొరాయిస్తే, ముందు ఒక గొర్రెను పట్టుకుని నీళ్లలోకి దింపేవాళ్లు. దాన్ని చూసి మిగతావి దిగేవి. పెళ్లయిన కొత్తలో ఆ కిటుకు నేర్పింది సుబ్బరాయుడే.

ఆమె గాజులు పైకి తోసుకుని చెయ్యి చాపింది.

“ముందు నాది కొల్చు సాయిబూ. నన్ను చూసి ఆయనే చాపుతాడు.”

సత్తార్ సుబ్బరాయుడి వైపు చూశాడు. సుబ్బరాయుడు తల ఊపాడు. దీనికి కూడా మొగుడి అనుమతి కావాలా అని ఆమె లోలోపల నవ్వుకుంది. సత్తార్ ఆమె మణికట్టుకు దారం చుట్టి, వేలు దూర్చి చూసి, విప్పి మళ్లీ చుట్టి, జాగ్రత్తగా ముడి వేశాడు. ఉత్తుత్తి కొలతే అయినా ఎంత బాగా నటిస్తున్నాడో అనుకుంది.

“చూస్తివా మామా, నొప్పేమన్నా పుట్టిందా?”

సుబ్బరాయుడు లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. మెల్లగా తువ్వాలు కింద నుంచి చెయ్యి బయటికి తీశాడు. సత్తార్ దారం ఒక చుట్టు చుట్టి వెంటనే తీసేశాడు. బాలనాగమ్మ గట్టిగా ఊపిరి పీల్చుకుంది. ఎన్నాళ్లకో ఒక పని పోట్లాట లేకుండా ముగిసింది. ఇక ఆయన ఎక్కడ తప్పిపోయినా ఎవరో ఒకరు చూసి ఇల్లు చేరుస్తారు.

సత్తార్ వెండి పట్టీ తీసి, వంచకముందే అక్షరాలు చూసుకోమని సుబ్బరాయుడికి ఇచ్చాడు. డబ్బాల మీద రాసుకుంటే తప్ప ఉప్పేదో చక్కెరేదో తెలియని మనిషి ఏం చూస్తాడు? ఆమె చెయ్యి చాపింది.

“నేను చూస్తాలే నాగమ్మా,” అని ఆయన పట్టీని గుప్పిట్లో బిగించాడు.

“నీకు తెలీదులే, ఇట్లా ఇయ్యి మామా,” అని ఆమె వేళ్లు ఒక్కొక్కటే విడదీసి తీసుకుని, వీధి వెలుతురుకు తిప్పి పట్టుకుంది.

పై వరుసలో ‘బాలనాగమ్మ’ అని ఉంది.